నవ్వు ఇంటిదాకా వినపడాలి: మన హాస్యనటుడి యాదిలో టీవీకి పాటల ప్రోగ్రాం ఎలా చేయాలి

కొన్నేళ్ల కింద మా దగ్గర బుర్రకథ దళంలో హాస్యం చెప్పే పెద్దాయన ఒకరు కాలం చేశారు. ఆయన యాదిలో ఒక సాయంత్రం సంగీత విభావరి పెట్టాం. లోకల్ కేబుల్‌లో కూడా వచ్చింది. హాలు నిండింది, జనం కడుపు పట్టుకుని నవ్వారు. వారం తర్వాత ఆ రికార్డింగ్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లి టీవీలో పెట్టాం. ఆయన భార్యకు చూపు బాగా తగ్గింది. టీవీకి దగ్గరగా జరిగి కూచుని పది నిమిషాలు విన్నది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "గంతమంది వచ్చిండ్రంటిరి గదా, ఒక్కళ్లన్నా నవ్వలేదా బిడ్డా?" అని అడిగింది.

జనం నవ్వారు. కానీ మేం స్టేజీ మైకుల సౌండ్ మాత్రమే కెమెరాకు ఇచ్చాం. జనం వైపు ఒక్క మైకు కూడా పెట్టలేదు. తెర మీద నోళ్లు తెరుచుకున్నాయి, నవ్వు మాత్రం రాలేదు.

ఆ తప్పు మీరు చేయొద్దని ఇది రాస్తున్నాను. ఇలాంటి ప్రోగ్రాం పెట్టాలని నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు చాలామంది అనుకుంటారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దండ వేసి, నాలుగు ఉపన్యాసాలతో ముగించేస్తారు. మాటలు గాల్లో పోకుండా ఒక మనిషిని ఉదాహరణగా పెట్టుకుందాం. ఉమ్మడి నల్గొండ జిల్లా కోదాడ బిడ్డ వేణుమాధవ్. మిమిక్రీతో, మాట్లాడే బొమ్మతో స్టేజీ ఎక్కి, 1996లో సినిమాల్లోకి వచ్చి, నంది అవార్డు అందుకుని, 2019 సెప్టెంబర్ 25న పోయారు. మీ మనసులో ఉన్నది మీ ఊరి నాటకాల్లో వేషం కట్టిన మనిషే అయినా పద్ధతి ఇదే.

ముందు వాళ్లింటికి వెళ్లండి

కమిటీ వేయకముందే, హాలు చూడకముందే ఈ పని కావాలి. ఫోన్‌లో అడగొద్దు. ఇద్దరు ముగ్గురు, అందులో ఒకరు ఆయనను దగ్గరగా ఎరిగినవాళ్లు, ఇంటికి వెళ్లి కూచోండి. మొదటిరోజే సంతకాలు అడగకండి. ఆయన గురించి వాళ్లనే మాట్లాడనివ్వండి. స్టేజీ మీద చెప్పదగ్గ మంచి సంగతులన్నీ అక్కడే దొరుకుతాయి.

రెండోసారి వెళ్లినప్పుడు నాలుగు విషయాలు తేల్చుకోండి. ఏ ఫొటో వాడాలి? ఆయన గొంతు ఉన్న పాత క్యాసెట్లు, సెల్‌ఫోన్ వీడియోలు ఏమైనా ఉన్నాయా? కుటుంబం నుంచి ఎవరైనా మాట్లాడతారా, లేక ఊరికే కూచుంటారా? అన్నిటికంటే ముఖ్యం నాలుగోది: స్టేజీ మీద ఏ మాట రాకూడదు?

ఈ నాలుగోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జబ్బు గురించి, అప్పుల గురించి, చివరి రోజుల గురించి ఎవరో ఒకరు మైకు దొరకగానే మొదలుపెడతారు. వేణుమాధవ్ విషయంలోనైతే ఆయన బతికుండగానే పోయారని పుకార్లు లేపితే, తానే బయటికొచ్చి ఖండించాల్సి వచ్చింది. అలాంటివి నవ్వులాటకు కూడా ఎత్తకూడదు. ఇంటివాళ్లు వద్దన్నవి ఒక కాగితం మీద రాసుకుని యాంకర్‌కు, మాట్లాడేవాళ్లకు, మిమిక్రీ వాళ్లకు ముందే చెప్పండి.

అంతా కుదిరాక ఒక పేజీ అంగీకార పత్రం రాయించుకోండి. పేరు, ఫొటో, పాత రికార్డింగులు ఈ ప్రోగ్రాంలో, టీవీ ప్రసారంలో వాడుకోవడానికి ఒప్పుకుంటున్నామని ఉంటే చాలు. ఛానల్ వాళ్లు ఎలాగూ అడుగుతారు. చందాలు వసూలు చేస్తే మిగిలింది ఎవరికి ఇస్తారో కూడా ఆరోజే చెప్పేయండి. డబ్బు మాట దాచిపెడితే తర్వాత ఆయన పేరే నలుగురి నోళ్లలో నానుతుంది.

తేదీ

వర్ధంతి రోజునే పెట్టాలనిపిస్తుంది. సెప్టెంబర్ 25 అయితే ఒక చిక్కు ఉంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పోయింది కూడా సెప్టెంబర్ 25నే, సరిగ్గా ఏడాది తర్వాత, 2020లో. ఆరోజు ఏ ఊళ్లో చూసినా బాలు గారి పాటల ప్రోగ్రాములే ఉంటాయి. మంచి ఆర్కెస్ట్రా, మంచి గాయకులు నెలల ముందే బుక్ అయిపోతారు. దానికితోడు ఆ రోజుల్లో వినాయక నిమజ్జనమో, బతుకమ్మో ఉంటుంది. సౌండ్ బాక్సులు, జనరేటర్లు అటే పోతాయి. వాన సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అందుకని జూన్‌లోనే అడ్వాన్సు ఇచ్చి రసీదు తీసుకోండి. లేదా జయంతికి మార్చుకోండి. లేదంటే రెండు వర్ధంతులనూ కలిపేయండి, నాకైతే అదే నచ్చుతుంది. అల్లు రామలింగయ్య, రాజబాబు లాంటి హాస్యనటులకు బాలు గారు పాడితే అచ్చం వాళ్లే పాడినట్టుండేది. పాటలోనే మిమిక్రీ ఉంది. హాస్యనటుడి యాదిలో పెట్టే విభావరికి ఇంతకంటే మంచి తోడు ఎక్కడ దొరుకుతుంది? ఒక గంట ఆ పాటలకు ఇవ్వండి.

పేరు, ఫొటో సరిచూసుకోవడం

చిన్న పనే గానీ పరువు పోయేది ఇక్కడే. ఫ్లెక్సీ వేసే కుర్రాడు పేరు కొట్టి, నెట్‌లో మొదట వచ్చిన ఫొటో తీసేస్తాడు. వేణుమాధవ్ పేరుతో తెలంగాణలో ఇద్దరు పెద్ద కళాకారులు ఉన్నారు. ఇంకొకరు వరంగల్‌కు చెందిన మిమిక్రీ మహానుభావుడు నేరెళ్ల వేణుమాధవ్. 1932 డిసెంబర్ 28న పుట్టి, 2001లో పద్మశ్రీ అందుకుని, 2018 జూన్‌లో పోయారు. ఇద్దరిదీ మిమిక్రీయే కాబట్టి యాంకర్లు ఒకరి విశేషాలు ఇంకొకరికి అంటగడుతుంటారు. ఫ్లెక్సీ, ఆహ్వానం, ఎల్ఈడీ తెర మీది ఫొటో, యాంకర్ చదివే కాగితం, ఈ నాలుగూ ప్రింటుకు ముందు ఇంటివాళ్లకు వాట్సాప్‌లో పంపి 'సరే' అనిపించుకోండి.

జిల్లా పేరు కూడా చూసుకోండి. కోదాడ 2016 అక్టోబర్ నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది. ఆయన పుట్టినప్పుడు నల్గొండ జిల్లా. 'ఉమ్మడి నల్గొండ జిల్లా' అని రాస్తే ఎవరికీ నొప్పి ఉండదు.

హాలు, పర్మిషన్లు

నల్గొండలో ఎన్జీ కాలేజీ మైదానం లాంటి బహిరంగ స్థలం అంటే అందరికీ మోజే. హాస్యానికి మాత్రం మూసి ఉన్న హాలే మేలు. నవ్వు గోడలకు తగిలి తిరిగి మనిషి మీదికి వస్తుంది. పక్కవాడు నవ్వితే మనకూ నవ్వొస్తుంది. మైదానంలో అది గాలికి పోతుంది. రెండు వేల మంది మైదానం కన్నా ఆరువందల మంది కిక్కిరిసిన హాలు టీవీలో పదిరెట్లు బాగుంటుంది.

మైకు పర్మిషన్‌కు పోలీస్ స్టేషన్‌లో పదిహేను రోజుల ముందే అర్జీ ఇవ్వండి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఆడిటోరియం లాంటి మూసిన హాలుకు సడలింపు ఉన్నా, శబ్దం బయటికి పోకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టులకు 100 మీటర్ల లోపు నిశ్శబ్ద ప్రాంతంగా చూస్తారు కాబట్టి హాలు ఎక్కడుందో చూసుకోండి. ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించేలా వేసుకుంటే టెన్షన్ ఉండదు. పల్లెల నుంచి వచ్చినవాళ్లకు చివరి బస్సు కూడా దొరకాలి కదా.

మెట్ల పక్కన ఒక వాలు దారి వేయించండి. మన జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు ఎంతమంది ఎముకలను వంచాయో మీకు తెలుసు. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే పెద్దమనుషులు మెట్లెక్కలేక వెనక నిలబడిపోకూడదు. వాళ్లకు నడవా పక్క కుర్చీలు పెట్టండి.

పాటల హక్కులు

ఇది విసుగు పుట్టించే పనే. తప్పించుకుంటే మాత్రం ప్రసారమే ఆగిపోతుంది. సినిమా పాటను ఆర్కెస్ట్రా స్టేజీ మీద పాడితే, ఆ సాహిత్యానికి, బాణీకి లైసెన్సు కావాలి. అది ఎక్కువగా ఐపీఆర్ఎస్ దగ్గర, అంటే పాటల రచయితలు, సంగీత దర్శకుల హక్కులు చూసే సంఘం దగ్గర దొరుకుతుంది. అసలు రికార్డునే స్పీకర్లలో వేస్తే అది వేరే హక్కు, రికార్డు కంపెనీల తరఫున లైసెన్సులు ఇచ్చే పీపీఎల్ లాంటి సంస్థలను అడగాలి. అమెచ్యూర్ సంఘం ఉచితంగా చేసే ప్రదర్శనకు 1957 కాపీరైట్ చట్టంలో కొంత వెసులుబాటు ఉంది. కానీ డబ్బు తీసుకునే ఆర్కెస్ట్రాను అమెచ్యూర్ అనలేం. పైగా ఆ వెసులుబాటు స్టేజీకే, టీవీకి రాదు. ప్రసారం హక్కు సంగతి ఛానల్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి: పాటల ప్రసార లైసెన్సు వాళ్లకు ఉందా, మీరు తెచ్చుకోవాలా?

సినిమా క్లిప్పులు ఇంకా గట్టి విషయం. నిర్మాత లేదా హక్కులు కొన్న కంపెనీ ఒప్పుకోకపోతే టీవీలో వేయలేరు. యూట్యూబ్ లైవ్ పెట్టినా సాఫ్ట్‌వేర్ దానంతటదే పట్టేస్తుంది, ప్రసారం మధ్యలో ఆగిపోవచ్చు. నా సలహా ఏమిటంటే క్లిప్పుల మీద ఆధారపడకండి. ఆయన చేసిన సీన్లు జనానికి కంఠతా వచ్చు, ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నారు. ఈ సాయంత్రం ఎక్కడా దొరకనిది చూపించండి: ఇంటివాళ్లు ఇచ్చిన పాత వీడియో, చిన్ననాటి దోస్తు చెప్పే సంగతి, ఆయన చదివిన బడి ఫొటో.

ఛానల్‌తో మాట్లాడేటప్పుడు

గంట స్లాటు అంటే గంట కాదు. కేబుల్ టీవీ నియమాల ప్రకారం గంటకు ప్రకటనలు 12 నిమిషాలు మించకూడదు. ఛానళ్లు ఆ 12 నిమిషాలూ వాడుకుంటాయి. మీకు మిగిలేది 48 నిమిషాలు. మూడు గంటల ప్రోగ్రాంలో నుంచి 48 నిమిషాలు తీయాలి. అందుకే ఏది టీవీకి, ఏది హాలుకు మాత్రమే అన్నది ముందే కాగితం మీద గీత గీసుకోండి. లేకపోతే ఎడిటింగ్ చేసేవాళ్లు ఉపన్యాసాలు ఉంచి నవ్వులు కోసేస్తారు.

నేరుగా లైవ్ ఇవ్వమని ఛానల్ అడిగినా తొందరపడకండి. రికార్డు చేసి, రెండు మూడు రోజుల్లో కోసి కుట్టి, ఆదివారం సాయంత్రానికి వేయించుకోండి. దేవరకొండ నుంచి, పాలమూరు నుంచి పనికి బొంబాయి, పూణె పోయిన మనవాళ్లు ఫోన్లలో చూసేది సెలవురోజే. ఏ టైముకు వస్తుందో వాళ్ల ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మూడు రోజుల ముందు ఒకసారి, గంట ముందు ఒకసారి వేయండి.

ప్రోగ్రాం వరస

జ్యోతి వెలిగించడం, ఫొటోకు దండ, శాలువాలు, మెమెంటోలు అన్నీ రికార్డింగ్ మొదలుకాక ముందే, ఆరున్నర లోపే ముగించండి. ఎమ్మెల్యే గారు, మున్సిపల్ చైర్మన్ గారు వస్తే సంతోషం, వాళ్ల రాక ప్రోగ్రాంకు బలం. కానీ ముందే మర్యాదగా చెప్పండి: "సార్, మీకు రెండు నిమిషాలు. ఆయనతో మీకున్న ఒక్క జ్ఞాపకం చెప్పండి చాలు." ఇలా అడిగితే చాలామంది నిజంగానే బాగా మాట్లాడతారు. ఏం మాట్లాడాలో తెలియకపోతేనే ఉపన్యాసం సాగుతుంది.

ఒక్క నిమిషం మౌనం పాటించండి, అంతకంటే ఎక్కువ వద్దు. మౌనం తర్వాత వచ్చే మొదటి శబ్దం చాలా ముఖ్యం. ఇంట్లో దొరికిన పాత రికార్డింగ్‌లో నుంచి ఆయన గొంతు పది సెకన్లు వినిపించండి. బొమ్మ వద్దు, గొంతు ఒక్కటే, లైట్లు తగ్గించి. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఒకరు ఫక్కున నవ్వుతారు. అక్కడి నుంచి హాలు మీ చేతిలోకి వస్తుంది.

వెంటనే పాటకు పోవద్దు. పిట్టల దొరను దించండి. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కర్ర తుపాకి పెట్టుకుని జనం మధ్యలో నుంచి కోతలు కోస్తూ రావాలి. మన దగ్గర టీవీ రాకముందు వీధి వీధికీ నవ్వు తెచ్చిన వేషం అది. ఇప్పటికీ ఆ కళ మీద బతుకుతున్నవాళ్లు ఉన్నారు. వాళ్లను పిలవండి, ఆర్కెస్ట్రా వాళ్లతో సమానంగా డబ్బు ఇవ్వండి. అలాగే ఒక బుర్రకథ దళం. అందులో నడుమ కథకుడు, పక్కన వంతలు ఇద్దరు, ఒకరు రాజకీయం చెబితే ఇంకొకరు హాస్యం చెబుతారు. ఆయన బతుకునే పదిహేను నిమిషాల కథగా కట్టించి, హాస్యం చెప్పే వంత చేత ఆయన చిన్ననాటి సంగతులు చెప్పించండి. నేను చూసిన వాటిల్లో జనం అన్నిటికంటే ఎక్కువ నవ్వింది, ఆ తర్వాత కళ్లు తుడుచుకున్నది ఇలాంటి చోటే.

ఆ తర్వాత పాటలు, మిమిక్రీ ఒకదాని వెనక ఒకటి. రెండు పాటలకు ఒక హాస్యం అంశం సరిపోతుంది. వరసగా మూడు మిమిక్రీలు పెడితే మూడోవాడికి నవ్వు రాదు, పాపం అతని తప్పేమీ ఉండదు. విషాద గీతం ఒక్కటే ఉండాలి, అది కూడా చివరిది కాకూడదు.

స్కిట్ల విషయంలో ఒకటి గట్టిగా చెబుతాను. రిహార్సల్‌లో అన్నీ మీరే ఒకసారి చూడండి. మన యాసను వెక్కిరించేది ఉంటే తీసేయండి. యాసలో హాస్యం చేయడం వేరు, యాస మాట్లాడేవాడిని ఎర్రివాడిగా చూపడం వేరు. దాన్ని సినిమాల్లో చాలాకాలం భరించాం. కుంటుతూ నడిచే వేషాలు మన దగ్గర అసలే వద్దు. ఫ్లోరైడ్‌తో నడుము వంగిన మనిషి మూడో వరసలో కూచుని ఉంటాడు. నవ్వించిన మనిషి యాదిలో ఒక్కరైనా తల దించుకోకూడదు.

సౌండ్: అసలు పని ఇక్కడే ఉంది

డబ్బు తక్కువైతే ఎల్ఈడీ తెర తీసేయండి, డెకరేషన్ తగ్గించండి. సౌండ్ దగ్గర మాత్రం బేరం వద్దు.

జనం వైపు రెండు కండెన్సర్ మైకులు (దూరంలోని సన్న శబ్దాన్ని కూడా పట్టేవి) పెట్టించండి. స్టేజీ ముందు అంచున రెండు మూలల్లో, స్టాండు మీద మనిషి ఎత్తు కన్నా పైకి లేపి, ముఖం జనం వైపు తిప్పాలి. పెద్ద స్పీకర్ బాక్సులకు వీలైనంత దూరంగా ఉండాలి. హాలు లోతుగా ఉంటే మధ్యలో పైనుంచి ఇంకొకటి వేలాడదీయండి. ఈ మైకుల సౌండ్ హాలు స్పీకర్లలోకి అసలు పోకూడదు, పోతే కూత పెడుతుంది. రికార్డింగ్‌కు మాత్రమే, అది కూడా వేరే ట్రాక్‌లోకి పోవాలి. సౌండ్ ఇంజనీర్‌కు ఈ మాట ముందురోజే చెప్పి, కాగితం మీద రాసి మిక్సర్‌కు అంటించండి. మా ఆపరేటర్ మంచివాడే, పని తెలిసినవాడే. మేం అడగలేదు, ఆయన పెట్టలేదు. పెళ్లిళ్లకు, సభలకు దీని అవసరం రాదు కాబట్టి ఎవరికీ తోచదు.

పెట్టాక పరీక్షించండి. వలంటీర్లను పదిమందిని వెనక వరసల్లో కూచోబెట్టి గట్టిగా నవ్వమనండి, చప్పట్లు కొట్టమనండి. మీరే హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. నవ్వు విడిగా, నిండుగా వినపడాలి. ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా ఉంటే ఆ మైకు దగ్గరి ఫ్యాన్ ఆపించండి. దీనికి తోడు ఒక చిన్న చేతి రికార్డర్‌ను కొత్త బ్యాటరీలు వేసి నాలుగో వరసలో పెట్టండి. కేబుల్ ఊడినా, మిక్సర్ మొరాయించినా అది కాపాడుతుంది. రికార్డింగ్ మొదట్లో అందరికీ కనపడేలా ఒక చప్పట కొట్టిస్తే, తర్వాత బొమ్మను, సౌండ్‌ను కలపడం తేలిక.

మిక్సర్ నుంచి కెమెరా వాళ్లకు లైన్ ఇచ్చేటప్పుడు లెవల్ చూసుకోండి. లైన్ అవుట్‌ను తీసుకెళ్లి మైక్ ఇన్‌పుట్‌లో పెడితే గొంతు పగిలినట్టు రికార్డవుతుంది, తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

రిథమ్ ప్యాడ్ వాయించే తమ్ముడితో ప్రేమగా ఒక మాట చెప్పండి. ప్రతి జోకు వెనక 'డుంయ్' అని ఎఫెక్ట్ కొట్టడం కొందరికి అలవాటు. ఆ చప్పుడు జనం నవ్వు మీద పడి దాన్ని మింగేస్తుంది. జోకు అయ్యాక మూడు సెకన్లు స్టేజీ మీద ఎవరూ ఏమీ చేయకూడదు. ఆ మూడు సెకన్లు జనానివి.

మాట్లాడే బొమ్మ అంశం ఉంటే ముందే తెలుసుకోండి. ఆ కళాకారుడి ఒక చెయ్యి బొమ్మలో ఉంటుంది, ఇంకో చెయ్యి దాన్ని పట్టుకుంటుంది. చేతి మైకు ఇస్తే ఏం చేస్తాడు? స్టాండు మైకు బొమ్మకూ మనిషికీ మధ్యలో ఉండాలి, లేదా కాలర్ మైకు పెట్టాలి. కెమెరాలో ఇద్దరి ముఖాలూ ఎప్పుడూ కలిసే ఉండాలి. బొమ్మ దవడ ఆడుతున్నప్పుడు మనిషి ఏమీ ఎరగనట్టు దానివైపు చూస్తాడు చూడండి, ఆ చూపులోనే నవ్వంతా ఉంది. దగ్గరికి వెళ్లి మనిషి గొంతు కదులుతోందా లేదా అని పట్టిచూపే షాట్ వద్దు.

కెమెరాలు, లైట్లు, కరెంటు

నాలుగు కెమెరాలు సరిపోతాయి: ఒకటి వెనక నుంచి స్టేజీ మొత్తం, ఒకటి దగ్గరి ముఖాలకు, ఒకటి ఆర్కెస్ట్రాకు, నాలుగోది పూర్తిగా జనానికే. ఆ నాలుగోది స్టేజీ వైపు తిరగకూడదు. లైవ్ మిక్సింగ్ చేసే మనిషి పంచ్ పడకముందే జనానికి కట్ చేస్తే జోకు చచ్చిపోతుంది. పంచ్ పూర్తయ్యాక కట్ చేయాలి. రిహార్సల్‌కు ఆయనను కూడా పిలవండి.

ఇంటివాళ్లను మొదటి వరస నడుమ కాకుండా రెండో వరస పక్కకు కూచోబెట్టండి. వాళ్లు ఏడిస్తే కెమెరా దగ్గరికి పోకూడదు. కెమెరామన్‌కు ఇది స్పష్టంగా చెప్పండి. వాళ్లు నవ్వినప్పుడు మాత్రం, ముందే అడిగి ఒప్పుకుని ఉంటే, చూపించండి.

ముఖం మీద తెల్ల లైటు కావాలి. తిరిగే రంగు లైట్లు వెనక పరదా మీదే ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కెమెరాలన్నీ 25 ఫ్రేములు, షట్టర్ 1/50లో పెడితే లైట్లు మినుకుమినుకుమనవు. ఎల్ఈడీ తెర ఉంటే వెలుతురు తగ్గించుకోండి, లేదంటే ముందు నిలబడ్డ మనిషి ముఖం నల్లగా వస్తుంది.

కరెంటు పోయి జనరేటర్‌కు మారే ఆ కొన్ని సెకన్లలోనే మిక్సర్, రికార్డర్ ఆగిపోతాయి. వాటికి యూపీఎస్ పెట్టండి. సౌండ్‌కు ఒక ఫేజు, లైట్లకు వేరే ఫేజు ఇప్పించండి, లేకపోతే స్పీకర్లలో 'గుయ్' మనే చప్పుడు పోదు.

ఆరోజు

గాయకులు హైదరాబాద్ నుంచి వస్తుంటే నల్గొండకు దాదాపు వంద కిలోమీటర్లు. సాయంత్రం 65వ నంబర్ హైవే మీద ట్రాఫిక్ ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం భోజనానికే రమ్మనండి. నాలుగు గంటలకు సౌండ్ చెక్ అయిపోవాలి. ఇంటివాళ్లను తీసుకురావడానికి బండి, పక్కన తోడుగా ఒక మనిషి, వాళ్లు మధ్యలో లేచి వెళ్లాలనుకుంటే పక్క తలుపు, ఇవి మర్చిపోకండి. యాంకర్ దగ్గర టైము రాసిన కాగితం ఉండాలి, స్టేజీ కింద గడియారం పట్టుకుని ఒకరు కూచోవాలి.

తర్వాత పని

ఎడిటింగ్ దగ్గర మీలో ఒకరు పక్కన కూచోండి. టైము కోసం నవ్వులు కోయడం మొదలవుతుంది, ఆపండి. ఒక పాట మొత్తం తీసేసినా పర్వాలేదు, నవ్వు తోక మాత్రం తెగకూడదు. జనం ట్రాక్‌ను జోకుల దగ్గర పెంచి, పాటల దగ్గర తగ్గించమనండి. డబ్బా నవ్వులు, అంటే ఎక్కడో ముందే రికార్డు చేసి పెట్టుకున్న నవ్వులు అతికిస్తానంటే ఒప్పుకోవద్దు. మన జనం నవ్వు మనకు తెలుసు, దాని మీద వేరే నవ్వు అతికితే ఇట్టే దొరికిపోతుంది.

ఖర్చుల లెక్క వారంలోపు చందాలు ఇచ్చినవాళ్ల గ్రూపులో పెట్టేయండి.

మొత్తం రికార్డింగ్‌ను రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి. మూడో కాపీ ఇంటివాళ్లకు. వాళ్లకు ఇచ్చేదాంట్లో టీవీలో వచ్చిన 48 నిమిషాలు ఒక ఫైలు, మూడు గంటలూ ఒక ఫైలు, జనం మైకుల ట్రాక్ విడిగా ఇంకో ఫైలు పెట్టండి. పెన్ డ్రైవ్ చేతిలో పెట్టి వచ్చేయకుండా కాసేపు కూచుని, వాళ్ల టీవీలో పెట్టి చూపించండి. ఇంట్లో చూపు ఆననివాళ్లు ఉంటే ఆ మూడో ఫైలు ముందు పెట్టండి.